పిల్లలను కాచు చేప

తొలకరి వానలు కురిసి చెరువులలోనికి క్రొత్తనీరు వచ్చిన పిమ్మట, తుంగయు జమ్మును పెరిగిన లోతులేని చోట్ల నీటిమీద అప్పుడప్పుడు ఒక ఎర్రని మరక కనబడును. దూరమునుండి చూచువానికి అది నీటిలో కుంకుమ కలిపినట్లు తోచును. దగ్గరకు పోయి నిదానించి చూచినయెడల అది మరక కాదు. వేలకొలది చిన్న చేపపిల్లల గుంపు. అవి యన్నియు కలిసి పైకి వచ్చి, గాలి మ్రింగి, మరల క్రిందికి పోవుచుండును. వాటి క్రింద, మన కంటికి ఆనని చోట, వాటిని కన్న కొర్రమట్ట కాచుకొని యుండును. ఉప్పునుంతల చుట్టుప్రక్కల చెరువులను, కుంటలను, దుందుభి వాగు మడుగులను ఎరిగినవారికి ఈ సంగతి క్రొత్తది కాదు.

ఆ ఎర్రగుంపు నడుమ గాలము వేసిన ఏమి జరుగునో కూడ వారెరుగుదురు. ఆకలి లేకపోయినను పెద్దచేప దానిమీదికి దూకును. అది ఎరకు ఆశపడి దూకదు. పిల్లలమీదికి శత్రువు వచ్చెనని దూకును. తక్కిన దినములలో కప్పను గుచ్చి పూటంతయు కూర్చుండినను చిక్కని చేప, పిల్లలను కాచు దినములలో నాలుగైదు విసురులకే గాలమున పడును. ఇట్లు పట్టుట సులువు. అయితే ఇది న్యాయమా?

ఇంటింట అప్పులు, త్రాగుడు, వలసలు ఇన్ని బాధలుండగా పాస్టరుగారు చేపను గూర్చి వ్రాయుచున్నారేమి అని కొందరు నవ్వవచ్చును. నవ్వనిండు. ఈ ప్రశ్నను నేను కల్పించినది కాదు. ఒక గృహ ప్రార్థన ముగిసి అందరు చాపలమీదనే కూర్చుండియుండగా మన సంఘపు యౌవనుడొకడు దీనిని ఎత్తెను. "అయ్యగారూ, చేపలు తినుమని దేవుడే జెప్పిండు గదా. ఎప్పుడు పడ్తె ఏంది, ఎట్ల పడ్తె ఏంది?" అని అతడు అడుగగా, గోడకు ఆనుకొని యున్న ఒక ముసలమ్మ నాకంటె ముందుగా, "పొదుగుతున్న కోడిని ఎవలన్న కోస్తరా బిడ్డా?" అనెను. అతడు ఊరకుండక, "కోడి మనది అవ్వా. చేప ఎవలది?" అనెను.

ఈ రెండు మాటలును మంచి మాటలే. ముసలమ్మ మాటలో మన ఊళ్లలో తరతరములుగా నున్న ఒక మర్యాద కలదు. యౌవనుని మాటలో, ఎవరిదియు కానిదానిని ఎట్లు వాడుకొనినను తప్పులేదను తలంపు కలదు. చెరువు, అడవి, వాగులోని ఇసుక, ఇవన్నియు ఆ తలంపు వలననే పాడగుచున్నవి గనుక, అతని మాటకు ఊరకనే కాదనిన చాలదు, జవాబు చెప్పవలెను.

ముందుగా ఆ చేపను గూర్చి కొంచెము తెలిసికొందము. కోస్తావారు కొర్రమీనందురు, మనము కొర్రమట్ట అందుము. తెలంగాణ రాష్ట్రము తన పక్షిగా పాలపిట్టను, చెట్టుగా జమ్మిని ఎంచుకొనినట్లే, తన చేపగా దీనినే ఎంచుకొన్నది. దీని తల పాము తలను పోలియుండును. ఇది మొప్పలతో మాత్రమే గాక, పైకి వచ్చి గాలిని పీల్చుకొని కూడ బ్రదుకును. అందుచేతనే వేసవిలో చెరువెండి బురద మాత్రమే మిగిలినపుడు ఇతర చేపలు చచ్చినను ఇది ఆ బురదలో ఒదిగియుండి వాన కొరకు కనిపెట్టును. తడినేల మీద ప్రాకుచు ఒక కుంటనుండి మరియొక కుంటకు పోగలదు. సంతకు తెచ్చిన తరువాత కూడ తడిగోనెలో గంటలకొద్ది ప్రాణముతోనుండును. బ్రదికియుండగనే అమ్ముడుపోవును గనుక వెల హెచ్చు. ముల్లు తక్కువ, రుచి యెక్కువ. బాలింతలకు, జబ్బుపడి లేచినవారికి పెట్టుదురు.

వానలు పడగానే కొర్రమట్టలు జంటగా కూడి, గడ్డి మధ్య కొంత చోటు చదునుచేసి గుడ్లు పెట్టును. ఆ గుడ్లు తేలియుండును. ఒకటి రెండు దినములలోనే పిల్లలగును. పిల్లలు ఎర్రగా నుండి, ఇంచుమించు ఒక నెల గుంపు వీడక తిరుగును. తల్లి మాత్రమే గాక తండ్రిచేపయు కావలి కాయును. (మనము ఊరక తల్లి తల్లి అని జాలిపడుచున్న చేప పెక్కుసార్లు తండ్రియై యుండవచ్చును. ఇండ్లలో పిల్లల పెంపకమంతయు భార్య నెత్తిన వేయు పురుషులు దీనిని గమనింతురు గాక.) కప్ప, నీటిపాము, కొంగ, మరియొక చేప, ఏది వచ్చినను వాటిమీదికి పోవును. ఎర్రదనము పోయి గోధుమవన్నె రాగా పిల్లలు చెదరిపోవును, కావలి ముగియును.

ఆ నెలలో పెద్దచేపలను పట్టినయెడల పిల్లల గతి ఏమి? ఎవరును కాయని గుంపు ఎంతసేపు మిగులును? పట్టినవాని చేతికి వచ్చినది ఒక్క చేప లేక రెండు చేపలు. పోయినవి వేలు. ఆ వేలు ఎవరి కడుపును నింపలేదు.

ఇది మృగశిర కార్తె మొదలుకొని జరుగు సంగతి. జూన్ 8 ప్రాంతమున ఆ కార్తె ప్రవేశించు దినమున చేపలు తినవలెనను వాడుక మన ప్రాంతమంతట కలదు. ఆ దినమే హైదరాబాదులో ఉబ్బసపు రోగుల నోట మందుతో కూడ బ్రతికిన కొర్రమీను పిల్లను వేయుదురు. ఆ మందు మాట నేనెత్తను. చేపలు గుడ్లుపెట్టు కాలము మొదలగుచున్నప్పుడే మనము వాటిని ఎక్కువగా కొనుచున్నామని మాత్రము చెప్పుచున్నాను.

ఇక యౌవనుని మాటకు వత్తము. చేప ఎవరిది? లోకరీతిగా చూచిన, చెరువులోని చేపలు ఆ ఊరి మత్స్య సహకార సంఘమువారివి. కౌలు కట్టినవారు వారు, పిల్లలను పోసి కాచువారు వారు. 2016 తరువాత ప్రభుత్వమువారు చెరువులలో ఉచితముగా చేపపిల్లలను పోయించుచు వచ్చిరి. అవి ఎక్కువగా బొచ్చె, రవ్వ, మెరిగ జాతులవి. ఈ జాతులు పారు నదిలోనే గుడ్లుపెట్టును గాని నిలువనీటి చెరువులో పెట్టవు. కావుననే ఎక్కడనో పుట్టించి తెచ్చి పోయవలసి వచ్చుచున్నది. అట్లు పుట్టించు విద్య మన దేశములో 1957 జూలై 10న ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుని చేతిలో ఫలించెను. చేప మెదడు క్రిందనున్న గ్రంథి రసమును మరియొక చేపకు సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించిరి. ఆ దినమును నేటికిని మన దేశములో చేపల రైతుల దినముగా జరుపుచున్నారు. అయితే కొర్రమట్టకు సూదియు లారీయు అక్కరలేదు. ఎవరును పోయకయే, ఎవరును అడుగకయే మన కుంటలలో తనంతట తాను పుట్టి పెరుగుచున్నది. సర్కారు పోసినదానిని సంఘమువారు కాచుచున్నారు. దేవుడు ఊరక ఇచ్చినదానికి కావలివాడు లేడు.

ఆదికాండము మొదటి అధ్యాయమును నిదానముగా చదివినవారు ఒక సంగతి కనుగొందురు. పరిశుద్ధ గ్రంథమంతటిలో మొట్టమొదటి ఆశీర్వాదము నరునికి కలిగినది కాదు. అయిదవ దినమున, 22వ వచనములో, చేపలకును పక్షులకును ఫలించి వృద్ధిపొందుమను ఆశీర్వాదము కలిగెను. నరునికి ఆ మాట 28వ వచనములో వచ్చెను. జలప్రళయము తరువాత తొమ్మిదవ అధ్యాయములో సముద్రపు చేపలు నరుని చేతికి అప్పగింపబడెను. యౌవనుడు తలంచినది ఈ అనుమతినే. అతడు చెప్పినది నిజమే, అనుమతి కలదు. కాని అనుమతి వచ్చినందున ఆశీర్వాదము రద్దు కాలేదు. చేపను తినుమనినవాడే దానిని విస్తరించుమని అంతకుముందే పలికెను. ఈ రెంటిని కలిపి పట్టుకొనువాడే గ్రంథమును సరిగా చదివినవాడు.

ఈ రెంటిని కలిపి పట్టుకొనుట ఎట్లో మోషే ధర్మశాస్త్రము ఒక చిన్న ఆజ్ఞలో చూపుచున్నది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 6, 7 వచనములు తీసి చదువుడి. త్రోవలో పక్షిగూడు కనబడి, తల్లి పిల్లలమీదనో గుడ్లమీదనో కూర్చుండియున్నయెడల, తల్లిని పిల్లలతో కూడ పట్టుకొనకూడదు; పిల్లలను తీసికొనినను తల్లిని విడిచిపెట్టవలెను. ఇంత చిన్న ఆజ్ఞకు జోడింపబడిన వాగ్దానము ఏదో చూడుడి. మేలు కలుగును, దీర్ఘాయువు కలుగును. తలిదండ్రులను సన్మానింపుమను గొప్ప ఆజ్ఞకు కూడ ఇదే వాగ్దానము. సీనాయి మీద రాతిపలకల నెక్కిన ఆజ్ఞకును, త్రోవప్రక్క పొదలోని పిట్టకును ఒకే బహుమానము! మరియు లేవీయకాండము 22:28లో ఆవునైనను గొర్రెనైనను దాని పిల్లతో కూడ ఒక్క దినమున వధింపకూడదని యున్నది. మేకపిల్లను తల్లిపాలలో వండకూడదని నిర్గమకాండము 23:19. తల్లికిని పిల్లకును నడుమనున్నదానిని ఇశ్రాయేలీయుడు ఆహారము కొరకు కూడ త్రొక్కకూడదు.

పక్షిని గూర్చిన ఆజ్ఞ చేపకు అక్షరాల పొసగదని ఒకరు చెప్పవచ్చును. అది నిజము. పక్షి విషయములో పిల్లలను తీసికొని తల్లిని విడిచిపెట్టిన, ఆ తల్లి మరల గుడ్లు పెట్టును. కొర్రమట్ట విషయములో మనము చేయుచున్నది తలక్రిందులు. పెద్దదానిని తీసికొని పిల్లలను విడిచిపెట్టుచున్నాము. విడిచిపెట్టుట అనుటకంటె పారవేయుట అనవలెను. ఆ పిల్లలు కూరకు పనికిరావు, కావలి లేక బ్రదుకవు. మోషే కాదనినదానికంటె ఇది ఒక మెట్టు క్రిందికే యున్నది.

కాని గ్రంథమెరిగినవాడు పౌలును ఎత్తిచూపును. కళ్లము త్రొక్కు ఎద్దు మూతికి చిక్కము కట్టవద్దను ఆజ్ఞను ఎత్తి, దేవుడు ఎడ్ల కొరకు చింతించుచున్నాడా, మన కొరకు గదా ఇది చెప్పబడెను అని మొదటి కొరింథీయులకు తొమ్మిదవ అధ్యాయములో అపొస్తలుడు అడుగుచున్నాడు. అట్లయిన పిట్ట సంగతియు చేప సంగతియు మనకెందుకు? ఈ వాదము బలమైనది, తేలికగా త్రోసివేయరాదు. అమ్ముడుపోవు పిచ్చుకలలో ఒక్కటైనను దేవుని యెదుట మరువబడలేదని ప్రభువు సెలవిచ్చెను గనుక, యోనా గ్రంథపు చివరి మాట నీనెవెలోని పశువులను కూడ లెక్కించుచున్నది గనుక, దేవునికి జంతువుల చింత లేదని పౌలు చెప్పుచున్నాడని నేననుకొనను. పౌలు మాటను ఉన్నదున్నట్లు తీసికొన్నను ప్రశ్న మరింత దగ్గరకు వచ్చును గాని దూరము పోదు. ఆ ఆజ్ఞ మన కొరకే చెప్పబడినయెడల, మనలో దేనిని కాపాడుటకు చెప్పబడెను?

నాకు తోచినది ఇది. ఆ చేపలో నున్నది ప్రేమయా, ఊరక స్వభావమా, ఎవరు చెప్పగలరు? దానికి ప్రేమ లేదనియే అనుకొందము. పిల్లలు కొంచెము ఎదిగిన తరువాత ఒకదానినొకటి మ్రింగు జాతి అది. అయినను గాలము పట్టినవాడు ఏమి చేయుచున్నాడో వాని మనస్సుకు తెలియును. తక్కిన వేళ వాడు చేప ఆకలిని ఉపయోగించుకొనుచున్నాడు. ఇది వేటలో న్యాయమే. ఎర మోసముకాదా అని అడుగువారికి, ప్రభువే పేతురును గాలము వేయుమని పంపెనని మత్తయి 17:27 చూపిన చాలును. కాని పిల్లల గుంపులో గాలము వేయువాడు ఆకలిని కాదు, కావలితనమును ఉపయోగించుకొనుచున్నాడు. ఆ ప్రాణిలో నున్న మేలైన గుణమునే దాని మెడకు ఉరిగా చేయుచున్నాడు.

ఈ విద్య చేపలతో ఆగునా? బిడ్డకు జ్వరము తగిలి ఆసుపత్రికి పోవలసిన రాత్రి తలుపు తట్టిన తల్లికి, పగలు రెండు రూపాయల వడ్డీ చెప్పినవాడు అయిదు రూపాయలు చెప్పును. ఆమె బేరమాడదని వానికి తెలియును. బిడ్డ పెండ్లికని బయానా తీసికొనిన తండ్రిని మేస్త్రీ దూరదేశపు పనికి తోలుకొనిపోవును; పాలమూరు వలసకూలీల కథ మీకు నేను చెప్పనక్కరలేదు, మీలో అనేకులు ఆ లారీ లెక్కినవారే. వీరందరు వేయుచున్న గాలము ఒక్కటే. తలిదండ్రుల హృదయము ఎక్కడ కొట్టుకొనుచున్నదో చూచి అక్కడ వేయుదురు. హబక్కూకు ప్రవక్త మొదటి అధ్యాయములో మనుష్యులు ఏలికలేని చేపలవంటివారై గాలములకును వలలకును చిక్కుచున్నారని మొరపెట్టి, చివరకు పట్టువాడు తన వలకే ధూపము వేయుచున్నాడని చెప్పుచున్నాడు. వలకు మ్రొక్కుట యనగా ఏమి? పడినదంతయు న్యాయమే, ఎక్కువ పడినదే మంచి వల యనుకొనుటయే.

ఇక్కడ దూరదేశపు మాటయొకటి చెప్పవలసియున్నది. ఐరోపాలోని చల్లని వాగులలో గోధుమవన్నె ట్రౌటు అను చేప కలదు. మన చెరువుల వేడికి అది బ్రదుకదు. దానిని గాలముతో పట్టుట తెల్లవారికి ఎంత ఇష్టమనగా, 1864లో దాని గుడ్లను మంచుగడ్డల నడుమ నాచులో పెట్టి ఓడమీద ఇంగ్లండునుండి టాస్మేనియా వరకు తీసికొనిపోయిరి. 1900లో కాశ్మీరపు వాగులలోనికి తెచ్చిరి. దాని బంధువైన మరియొక ట్రౌటును నీలగిరులకు తెచ్చిరి. ఐజాక్ వాల్టన్ అను భక్తిపరుడు 1653లో గాలపు వేటను గూర్చి వ్రాసిన పుస్తకము నేటికిని అచ్చగుచున్నది. వీరిలో పెక్కుమంది తినుటకు పట్టరు. ఈకలతో ఈగవంటి ఎర కట్టి, పట్టి, చూచి, మరల నీటిలో విడిచిపెట్టుదురు. విడిచిపెట్టుట దయ కదా అని వారందురు. తినని చేపను పెదవి చీల్చి లాగుట దయ ఎట్లగునని ఇతరులందురు. స్విట్జర్లాండు ప్రభుత్వము, విడిచిపెట్టు తలంపుతోనే చేపను పట్టుట కూడదని 2008లో చేసిన నియమములో చెప్పెను. 2003లో స్కాట్లాండులో లిన్ స్నెడాన్ అను శాస్త్రజ్ఞురాలును ఆమెతోటివారును ట్రౌటుల పెదవులలో పులుపు మందు ఎక్కించి చూడగా, అవి మేత మాని, పెదవులను రాళ్లకు రుద్దుకొనెను. చేపకు నొప్పి తెలియుననుటకు దీనిని సాక్ష్యముగా చూపుదురు. ఒప్పుకొనని శాస్త్రజ్ఞులును కలరు. సరదా కొరకు ఒక ప్రాణిని ఏడిపించుట కంటె ఆకలికి పట్టి తినుట శుభ్రమైన పనియని నా అభిప్రాయము. ఆ విషయములో మన గాలపువాడు వారికంటె మేలు.

అయితే ఒక విషయములో వారు మనకంటె మేలు. ట్రౌటు చలికాలమున వాగు అడుగున గులకరాళ్లు త్రవ్వి, గుడ్లుపెట్టి, రాళ్లు కప్పి వెళ్లిపోవును. కాచుటకు నిలువదు. తల్లి కాయదు గనుక ఆ గుడ్లను చట్టము కాచుచున్నది. గుడ్లుపెట్టు నెలలలో ఆ వాగులలో గాలము వేయరాదు, వేసిన జరిమానా. మన కొర్రమట్ట తానే కావలి కాయుచున్నది. దాని కావలినే మనము దానికి మరణముగా చేయుచున్నాము.

గలిలయ సముద్రములో పేతురు చేప యని యాత్రికులకు వడ్డించు చేప యొకటి కలదు. అది గుడ్లను, పిల్లలను తన నోటిలోనే పెట్టుకొని కాపాడును. మన చెరువులలోనికి 1952 తరువాత చేరిన జిలేబీ చేప దాని చుట్టమే. నాణెము దొరికిన చేప అదేనని చెప్పుట వాడుక. అది సాధారణముగా గాలమునకు పడదు గనుక వేరొక చేపయై యుండవచ్చునని వివరించువారును కలరు. ఏదైనను, ప్రభువు వెంట తిరిగిన జాలరులకు, నోటిలో పిల్లలను దాచుకొను చేప సంగతి తెలిసియే యుండును. ఆయన కోడి తన పిల్లలను రెక్కలక్రింద చేర్చుకొనుట చూపి యెరూషలేము కొరకు దుఃఖించినప్పుడు, అట్టి దృశ్యములు వారి కన్నులకు క్రొత్తవి కావు. మన ముసలమ్మ కోడినే ఎత్తుట నాకు ఆశ్చర్యము కలిగించలేదు.

ఇక ఆకలి మాట. దీనిని నేను చివరకు నెట్టినది తేలికదని కాదు. వానకాలపు మొదటి నెలలలో నిరుడు గింజలు అయిపోయి, క్రొత్తపంట రాక, విత్తనములకు ఎరువులకు చేతిలోని రూకలన్నియు పోయిన ఇండ్లు మనలో కలవు. అట్టి ఇంటిలో ఒక కొర్రమట్ట యనగా పిల్లలకు రెండు పూటల కూర, లేక కొన్ని వందల రూపాయలు. ఆ ఇంటి తండ్రి తన పిల్లల కొరకు ఆ చేప పిల్లలమీద గాలము వేసినయెడల, నేను పోయి అతనికి ద్వితీయోపదేశకాండము చదివి వినిపింపను. ఆకలిగొన్న దావీదు సముఖపు రొట్టెలు తినెనని ప్రభువే జ్ఞాపకము చేసెను. అతనికి వినిపించుటకు ముందు, అతని ఇంట గింజలు లేవని తెలిసియు ఊరకున్న సంఘస్థులకు వినిపింపవలసిన అధ్యాయములు వేరే కలవు. కాని నిజము చెప్పవలెనన్న, ఎర్రగుంపుమీద గాలము వేయుచున్నవారిలో అట్టివారు కొద్దిమంది. ఎక్కువమంది ఆదివారము సాయంత్రము బండిమీద వచ్చి, పట్టిన చేపను ఎత్తి ఫోనులో ఫొటో దిగి పోవువారు. ఆకలిగలవాని పేరు చెప్పి కడుపునిండినవాడు తప్పించుకొనరాదు.

విషము కలుపుట, తూటాలు పేల్చుట, కరెంటు తీగ నీటిలో వేయుట, వీటిని గూర్చి వాదనయే లేదు. తూటాలను విషమును 1897 నాటి చేపల చట్టమే నిషేధించెను. కరెంటు వలన చేపలే గాక మనుష్యులు కూడ చచ్చుచున్నారు. కృష్ణ వెనుకజలాలలో సోమశిల ప్రాంతమున వేలెడు పిల్లలను సైతము ఊడ్చివేయు అలివి వలలు కూడ అట్టివే.

మిగిలినది ఒక చిక్కు ప్రశ్న. మనము విడిచిపెట్టినను ప్రక్క ఊరివాడు వచ్చి పట్టుకొనిపోవునే? అప్పుడు మన ఊరికి చేపయు లేదు, పిల్లలును లేవు. ధర్మము ఒక్కటే మిగిలెను. ఇది నిజమైన అడ్డంకి. ఒంటిగా నీతిగా నుండువాడు తరచుగా నష్టపోవును. నష్టపోయినను నీతిగా నుండవలసిన సంగతులు కలవు గాని, చెరువు సంగతి ఒక్కని మనస్సాక్షితో తీరునది కాదు. చేరి మాటలాడుకొనవలెను. చెరువుమీద హక్కుగలవారు మత్స్య సంఘమువారు. వారిలో మన సంఘమునకు చేరనివారే ఎక్కువ. అయినను పిల్లలతోనున్న కొర్రమట్ట సంగతి వారికి మనకంటె బాగుగా తెలియును, వారి పెద్దలు వెనుకటికి దానిని ముట్టనిచ్చెడివారు కారని వారిలో వృద్ధులు చెప్పగా వింటిని. మనవారు పోయి, ఇది మా మతపు మాటయని కాక, ఇది మీ పెద్దల మాటయే యని వారితో చెప్పినయెడల వారు వినకుందురా?

చేయవలసినది పెద్ద పని కాదు. ఎర్రగుంపు కనబడిన చోట గట్టున ఒక కట్టె పాతి గుడ్డపేలిక కట్టిన చాలును. అది చూచినవారు ఆ ప్రక్క గాలము వేయక, విసురు వల వేయక, గేదెలను దింపక యుందురు. ఇది పట్టున ఒక నెల. చెరువు తక్కిన మేరయంతయు తెరిచియే యుండును. జెల్లయు, వాలుగయు, మార్పును ఎవరు కావలసినన్ని వారు పట్టుకొనవచ్చును. ఎర్రదనము పోయి పిల్లలు చెదరిన పిమ్మట కట్టె పీకివేయవచ్చును; ఆ పిమ్మట అదే కొర్రమట్టకు కప్పను గుచ్చి పూటంతయు కూర్చుండు ఓపిక గలవానికి అడ్డు చెప్పువాడెవడును లేడు.